మూడు పెట్టెల్లో గద్దల దండు

మూడో పెట్టెలోనూ ఎడమ చివర రెండు వరసలు లేవు.

తక్కెడ తన చేతిలోని రిమోట్ పక్కన పడేసి కూర్చుండిపోయాడు. ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఒకప్పుడు గేమ్ హాళ్లలో నిలబడి ఆడిన ఆటలను ఇప్పుడు టీవీకి తగిలించుకునే పెట్టెల్లోకి దించుతున్నారు కదా, అలా దించినవాటిని అసలు ఆటతో పోల్చి పత్రికలో రాస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వదలడు. అందుకే అందరూ తక్కెడ అంటారు.

ఈసారి ఆట గద్దల దండు. పైనుంచి పదకొండు నిలువు వరసల గద్దలు దిగుతుంటే కిందనుంచి విమానంతో కాల్చాలి. చిన్నప్పుడు హాల్లో పన్నెండేళ్లు ఆడాడేమో, కళ్లు మూసుకున్నా పదకొండూ కనిపిస్తాయి. ఈ పెట్టెల్లో తొమ్మిదే. పైగా, ఎవరూ లేని ఎడమ మూల నుంచి తూటా వచ్చి విమానాన్ని పేల్చేస్తోంది.

మొదటి రెండూ ఎక్కడా దొరకని పాత సరుకు. మూడోది కొత్తది, స్వయానా మేనకోడలు చేసింది. మూడు కంపెనీలు, ఒకటే తప్పు. అంటే ఆ రెండిట్లోంచి మేనకోడలు కాపీ కొట్టిందన్నమాట. సాయంత్రానికి వ్యాసం పంపాలి.

"పదకొండూ నా చేత్తో పెట్టాను మావయ్యా, ఒట్టు!" అంది ఆ పిల్ల ఫోన్‌లో.

"మరి రెండు వరసలు ఎటు ఎగిరిపోయాయమ్మా?"

"కాపీ అని మీరు రాస్తే రేపటికి నా ఉద్యోగం ఉండదు. ఇంకొక్కసారి చూడండి."

"నాలుగుసార్లు చూశాను" అని ఫోన్ పెట్టేశాడు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "కంచంలో ఎడం పక్కంతా అలాగే వదిలేశావేంరా? నా కూతురి మీద కోపం తిండి మీద చూపిస్తావా?"

"మాట మార్చకక్కా. ఎవరి కూతురైనా తప్పు తప్పే."

"దాన్ని భుజానెక్కించుకు తిప్పినవాడివి! పోయి అసలు మిషన్ చూసి రా. నీ బుర్రకే వయసొచ్చిందేమో."

ఆ మాట చురుక్కుమంది. చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

పాత హాలు మూతపడి చాలా కాలమైంది. ముసుగులు కప్పిన మిషన్లు శవాల్లా వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి కాపలా ఉండే మెకానిక్ తాళం తీసి, ఒక ముసుగు లాగి, స్విచ్ వేశాడు.

"ఇన్నేళ్లలో ఒక్క మరమేకు కూడా మార్చలేదు సార్. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

తెర వెలిగింది. గద్దలు దిగాయి. తక్కెడ కుడి నుంచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. ఖాళీ మూల నుంచి తూటా వచ్చింది. విమానం పేలిపోయింది.

"దీన్నీ ఎవరో మార్చేశారు!" అంటూ తల తిప్పి చూశాడు. ముసుగులు, తలుపు, మసక వెలుగు. మెకానిక్ జాడ లేదు.

"ఏమయ్యా, నన్నిక్కడ వదిలేసి ఎటు పోయావు?" అని కేకపెట్టాడు.

"ఎటు పోతాను సార్," అంది ఎడమ చెవికి జానెడు దూరంలో ఒక గొంతు, "మీరు లెక్క మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ పక్కనే నిలబడి మీ మొహంలోకే చూస్తున్నాను కదా!"