ములాఖత్ పేజీ

"డేటాబేసుకు కనెక్ట్ కాలేదు."

తెర మీద మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. డ్రైవర్ నీరుగారిపోయాడు. లారీ దిగి తొమ్మిదేళ్లయినా జైల్లో అందరూ అతన్ని డ్రైవర్ అనే పిలుస్తారు.

"పొద్దుట్నుంచీ ఇదే వరస మాస్టారూ. పదకొండింటికి జైలరు గారొస్తారు. నేను చేసిన ఈ ములాఖత్ పేజీ పని చెయ్యకపోతే కంప్యూటర్ క్లాసు ఎత్తేస్తానని ఖరాఖండిగా చెప్పేశారు."

వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి పాఠం చెప్పే మాస్టారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. మాట తక్కువ మనిషి.

"కంగారు పడకండి. అసలు డేటాబేసు నడుస్తోందా?"

"నడవకేం? పేజీ వస్తోందిగా!"

"పేజీ వేరు, డేటాబేసు వేరు. కౌంటరు తెరిచే ఉంది. వెనక గోడౌనుకి తాళం వేసుంది. అంతే."

ఆ మాట డ్రైవర్‌కి ఇట్టే ఎక్కింది. వెతికి ఆన్ చేశాడు. ఎర్ర అక్షరాలు మారాయి గానీ పోలేదు. ఈసారి పాస్‌వర్డ్ తప్పట.

"తప్పెలా అవుతుంది? నా చేత్తో నేను కొట్టిందే!"

మాస్టారు కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్న వరస చివర వేలు పెట్టాడు. "ఇక్కడ ఖాళీ ఒకటి పడింది. మన కంటికి ఆనదు గానీ, దాని లెక్కలో అదీ ఒక అక్షరమే."

డ్రైవర్ ఆ ఖాళీని చెరిపి పేజీ మళ్లీ తెరిచాడు. ఎరుపు పోయింది. ఎవరిని చూడ్డానికి ఎవరొస్తున్నారో గేటు దగ్గర గుమస్తా ఎక్కిస్తాడు. లోపల ఖైదీ నంబరు కొడితే ఆ పేర్లు కనిపించాలి. డ్రైవర్ గబగబా తన నంబరు కొట్టాడు.

తెల్లటి తెర. ఒక్క పేరూ లేదు.

"ఇంకా ఏదో తేడా ఉంది మాస్టారూ."

మాస్టారు వంటవాడి నంబరు కొట్టించాడు. భార్య, బావమరిది, తారీఖుతో సహా వచ్చాయి. తోటపని చేసే ముసలాయన నంబరు కొడితే చెల్లెలి పేరొచ్చింది. మళ్లీ డ్రైవర్ నంబరు. మళ్లీ ఖాళీ.

"నా ఒక్కడికే పాడైందా? మా అమ్మాయికి ఉత్తరం రాసి ఇరవై రోజులైంది. గేటు దగ్గర పేరు రాయించమ్మా, నేను చేసిన పేజీలోనే చూసుకుంటాను అని రాశాను. రాయించే ఉంటుంది. కోడ్ ఒక్కసారి చూడండి."

మాస్టారు చూశాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. చూడ్డం అయిపోయాక కూడా తల తిప్పలేదు. డ్రైవర్‌కి అప్పుడర్థమైంది.

"అంతా బాగానే పని చేస్తోందన్నమాట," అన్నాడు.

మాస్టారు కీబోర్డు తన వైపు లాక్కుని పేరు ఎక్కించే గడులు తెరిచాడు.

"ఏం చేస్తున్నారు? దొంగ పేరు ఎక్కిస్తే జైలరు గారు ఊరుకోరు."

"దొంగ పేరు కాదు. ఆదివారం నేనే వస్తాను. పాఠానికి కాదు, మీతో మాట్లాడ్డానికి."

"నా కోసం మీకెందుకండీ శ్రమ?"

"ఆర్నెల్లుగా అందుకే వస్తున్నాను. నోరు పెగలక పాఠం చెప్పి పోతున్నాను."

వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. మాస్టారు ఎక్కించడం ముగించి జైలరుకి ఎదురెళ్లాడు. డ్రైవర్ తన నంబరు మళ్లీ కొట్టాడు. తెర మీద ఒకే ఒక్క వరస వచ్చింది. ఇన్నాళ్లూ ఎప్పుడూ అడగని మాస్టారి పేరు చదివాడు. తారీఖు చదివాడు. ఆ పక్కన, 'ఖైదీకి ఏమవుతారు' అన్న గడిలో ఇలా ఉంది:

"ఇతని చేతిలో పోయినవాడికి తమ్ముణ్ణి."