కిటికీ దగ్గర బుజ్జి

“ఒక్క అడుగు. ఒకే ఒక్కటి.”

“వెయ్యను.”

ఫిజియోథెరపీ గదిలో రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబడ్డ ఆ పిల్లను నర్సులందరూ ‘మొండిఘటం’ అనే పిలిచేవారు. సైకిల్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పేశారు. అయినా కాలు కింద పెట్టదు. సెలవులన్నీ మంచం మీదే అయిపోతున్నాయని ఏడుస్తుంది, నడవమంటే భయంతో బిగుసుకుపోతుంది. ఇలాగే వదిలేస్తే తర్వాత నడిపించడం కష్టమని డాక్టరు అప్పటికే తల్లిని హెచ్చరించాడు.

“మరి బుజ్జి నడిచింది కదా?” అంది ఫిజియో మేడమ్.

“మళ్లీ మొదలెట్టారా! సరే, చెప్పండి. అది ఏ క్లాసు?”

“పుస్తకంలో రాయలేదు.”

“వాళ్ల అమ్మానాన్న?”

“వాళ్ల గురించీ రాయలేదు. కానీ ఆ ఇంట్లో అందరూ దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు.”

“మీరు కల్పించి చెప్తున్నారు. ఆ పుస్తకం తెచ్చి చూపించండి, అప్పుడు నడుస్తా.”

మేడమ్ దగ్గర పుస్తకం ఉంటేగా!

ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసులో, ఆవిడా ఇలాగే సెలవుల్లో మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వీధిలో పిల్లల కేకలు వినిపిస్తుంటే దిండులో మొహం దాచుకుని ఏడ్చేది. ఆటలంటే ప్రాణం పెట్టే అక్క ఆ ఆటలన్నీ మానుకుంది. లైబ్రరీ నుంచి ఓ డిటెక్టివ్ నవల తెచ్చి, మంచం పక్కన కూర్చుని రోజూ చదివి వినిపించింది.

సెలవులకు ఓ పెద్ద ఇంట్లో చేరిన నలుగురు పిల్లలు, ఆ ఇంట్లోంచి మాయమైన వెండి గంట. నలుగురూ ఊరంతా గాలిస్తుంటే, బుజ్జి మాత్రం కాలికి కట్టుతో కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను కనిపెడుతూ ఉంటుంది. మహా గడుసుది, అన్నీ చూస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. చివరికి కుంటుకుంటూ లేచి, తిన్నగా దొంగ దాక్కున్న కొట్టుగది ముందుకే వెళ్లి నిలబడుతుంది.

బుజ్జి వచ్చిన చోటల్లా అక్కకు దగ్గు వచ్చేది. కాస్త ఆగి, గొంతు సవరించుకుని మళ్లీ అందుకునేది. తనూ చూస్తానంటే పుస్తకం చేతికిచ్చేది కాదు. “లైబ్రరీది, చింపేస్తావ్” అని గదమాయించేది. బుజ్జి లేచి నడిచిన మర్నాడే చెల్లెలు కూడా మంచం దిగింది. ఆ తర్వాత ఆ పుస్తకం మళ్లీ ఎక్కడా కనిపించలేదు. తన కాళ్ల మీద తను నిలబడి, పదిమందిని నిలబెడుతోందంటే అదంతా బుజ్జి చలవేనని ఆవిడ గట్టి నమ్మకం.

పాత పుస్తకాల షాపు పెద్దాయనకు ఆవిడ ఆ పుస్తకం కోసం చెప్పి ఎన్నాళ్లో అయింది. అటు వెళ్లినప్పుడల్లా లేదనే చెప్పే మనిషి, ఆరోజు దూరం నుంచే చెయ్యి ఊపాడు.

“దొరికిందమ్మా! అట్టని చెదలు కాస్త రుచి చూశాయి గానీ, లోపల కథ మొత్తం భద్రంగా ఉంది.”

అట్ట మీద నలుగురు పిల్లలు, వెనక ఓ పెద్ద ఇల్లు. కిటికీ ఉండాల్సిన చోట చెదలు చేసిన చిల్లు. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపులో నిలబడే అక్కకు ఫోన్ చేసింది.

“అక్కా, మన బుజ్జి దొరికింది!”

అక్క గబుక్కున అడిగింది, “చదివావా?”

“ఇంకా లేదు. మా మొండిఘటానికి చూపించాలి.”

“ముందు ఇటు పట్రా. నేను చదివి ఇస్తా.”

“నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదక్కా! అప్పుడూ అంతే, చేతికివ్వలేదు.”

“అది కాదే... చిన్నప్పుడు నచ్చినవి పెద్దయ్యాక మళ్లీ చదవకూడదు. మనసు విరిగిపోతుంది.”

“విరిగితే కట్టు కట్టుకుంటాలే. నా పనే అది.”

అక్క నవ్వబోయి దగ్గింది.

ఆస్పత్రికి వెళ్లే దారిలో పుస్తకం ఒళ్లోనే ఉన్నా ఆవిడ తెరవలేదు. ఆ కథ ఆవిడకు వినడమే అలవాటు. ఒక్కతే కూర్చుని చదువుకోవాలనిపించలేదు.

కడ్డీల చివర నిలబడి పుస్తకం ఎత్తి చూపించింది.

“ఇదిగో. వచ్చి తీసుకో.”

“మోసం! చూపిస్తానన్నారు.”

“చూపించాను కదా. నడుస్తానన్నది ఎవరు?”

మొండిఘటం పెదవి కొరుక్కుంది. కడ్డీని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. కాలు వణికింది, గాల్లోనే ఆగింది, మెల్లగా నేలకు ఆనింది. ఆ వెంటనే ఇంకో అడుగు. గుమ్మంలో నిలబడ్డ తల్లి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మేడమ్ మాత్రం కదల్లేదు, మెచ్చుకోలేదు, పుస్తకం ఒక్క అంగుళం కూడా ముందుకు జరపలేదు.

ఆఖరి అడుగు వేసిందో లేదో, పిల్ల పుస్తకం లాక్కుని కుర్చీలో కూలబడింది.

“పైకి చదువు తల్లీ,” అంది మేడమ్. కళ్లు మూసుకుంది. మంచం, దిండు, పక్కన అక్క, అన్నీ కళ్లకు కట్టాయి.

“‘ఆ ఇంట్లో బుజ్జి అనే పిల్ల...’”

చదవడం ఆగిపోయింది. మొండిఘటం పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, పకపకా నవ్వింది.

“పిల్ల కాదు మేడమ్, పిల్లి!”