బోరింగు ఎక్కడ వేద్దాం?

"ఏమ్మా, మీ ఊళ్ళో నీళ్ళకి ఇబ్బందా?"

గుడిసె ముందు నిలబడి, టై సర్దుకుంటూ అడిగాడు భాస్కర్. జవాబు కోసం ఆగలేదు.

"ఏం భయపడకు. బోరింగు వేయిస్తాం. కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి. తెలిసిందా?"

"ఎక్కడ వేస్తారు సార్?" విజయశ్రీ అడిగింది.

"అది మేం చూసుకుంటాంలే."

ట్రైనింగ్ ఇచ్చే బార్బరా చప్పట్లు కొట్టింది. భాస్కర్ పాసయ్యాడు.

గుడిసె అట్టపెట్టెలతో కట్టింది. బిందె ప్లాస్టిక్‌ది. ఆ 'ఊరు' న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గర ఒక ట్రైనింగ్ సెంటరు కింది అంతస్తులో ఉంది. బయట మోకాలి లోతు మంచు. ఎనభై నాలుగు జనవరి.

ఆంధ్రాలో కరువు తాలూకాలకి చేతిపంపులు వేసే ప్రాజెక్టు అది. డబ్బు విదేశాలది. పల్లెటూరి ఆడవాళ్ళ మాట ఎలా వినాలో నేర్చుకోవడానికి ఆంధ్రా ఇంజనీర్లు అంత దూరం విమానమెక్కి వచ్చారు. తీరా వచ్చాక, మాట్లాడి చూడటానికి పల్లెటూరి ఆడమనిషి ఒకతె కావలసివచ్చింది. విజయశ్రీ భర్త ఉదయ్ అక్కడి యూనివర్సిటీలోనే చదువుతున్నాడు. ఆమె పల్లెలో పుట్టి పెరిగిందని ఎవరో చెబితే పిలిచారు.

ఆమె సరదాకి ఒప్పుకోలేదు. ఆ తాలూకాల్లో తన తాలూకా కూడా ఉంది. వాళ్ళక్క ఇప్పటికీ వాగు ఇసకలో చెలమ తీసి, కొబ్బరిచిప్పతో తోడి, బిందె నింపుకుంటుంది. అక్కకి చదువు రాదు. ఎవరిచేతనో రాయించిన ఉత్తరం ఏడాదికొకటి వస్తే గొప్ప. ఈ ఇంజనీర్లలో ఒక్కడైనా, బోరింగు ఎక్కడ వేద్దామని అక్కలాంటి వాళ్ళని అడగడం నేర్చుకుని వెళ్ళాలి. అదే ఆమె ఆశ.

ఆశ రోజురోజుకీ ఎండిపోతోంది.

ఒకాయన ఆమెతో ఇంగ్లీషులో మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని, "అమెరికా వచ్చినా మనాళ్ళతోనే మాట్లాడాల్సొచ్చింది కర్మ!" అని పకపకా నవ్వాడు. ఇంకొకాయన వాచీ చూసుకుంటూ, "త్వరగా కానివ్వమ్మా, వీసీఆర్ కొనాలి, షాపులు మూసేస్తారు" అన్నాడు. ఎక్కడ వేస్తారని ఆమె పట్టుబట్టి అడిగితే, "ఎక్కడ వేస్తే ఏముంది, నీళ్ళు నీళ్ళే కదా" అన్నాడు.

వీళ్ళు వినడంలేదని బార్బరాతో చెప్పుకుంది. "కానీ అందరూ ఎంత చక్కగా నవ్వుతున్నారో చూశావా?" అంది బార్బరా.

కార్లో భర్త దగ్గర వెళ్ళగక్కింది.

"ఒక్కళ్ళన్నా అడగరేంటండీ?"

"బావుంది వరస! యాక్ట్ చెయ్యమని పిలిస్తే నిజంగా నీళ్ళడుగుతావేంటే!" అన్నాడు ఉదయ్.

ఆమెకి నవ్వు రాలేదు.

ఆఖరిరోజు శ్యామ్‌సుందర్ వంతు వచ్చింది. నడివయసు మనిషి. అన్నాళ్ళూ వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చున్నాడు. గుడిసె ముందుకి వచ్చి బూట్లు విప్పాడు.

"గురువుగారు గుడి అనుకున్నట్టున్నారు!" ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

ఆయన నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"నీళ్ళకి ఎప్పుడెళ్తావమ్మా?"

"తెల్లారకముందొకసారి. పొద్దుగూకాక ఒకసారి సార్."

"బోరింగు బస్సాగేచోట వేశామనుకో. లారీ సులువుగా వస్తుందని."

విజయశ్రీ తలెత్తింది. "అక్కడ సారా కొట్టుంటుంది సార్. చీకటిపడ్డాక ఆడమనిషి అటు పోతుందా?"

"పోదు. మళ్ళీ వాగుకే పోతుంది."

"అంతే సార్."

"బోరింగు గట్టుమీద?"

"ఏముందీ, మగాళ్ళు చేరి పేకాడతారు."

"పిడి విరిగితే?"

"ఎవరికి చెప్పాలో మాకెవరు చెప్పారు సార్? విరిగింది విరిగినట్టే ఉంటుంది."

ఆయన తలొంచుకుని వింటున్నాడు. ఎంత ముందుచూపున్న మనిషి, అనుకుంది విజయశ్రీ. జరగబోయేదంతా ఇక్కడ కూర్చునే ఊహించగలుగుతున్నాడు. ఇన్నాళ్ళకి ఒక్కడు దొరికాడు.

"అయితే ఎక్కడ వెయ్యాలమ్మా?"

ఆమె ముందుకి జరిగింది. బిందె పక్కకి నెట్టి, వేలితో నేలమీద గీతలు గీసింది. ఇది బడి. దీని వెనక చాకిరేవు దారి. అన్ని వీధుల ఆడవాళ్ళూ కలిసేది ఇక్కడే. ఇక్కడైతే చంటిపిల్లని ఇంట్లో పడుకోబెట్టి కూడా వచ్చిపోవచ్చు. వానొచ్చినా బురదవదు. చెబుతూ చెబుతూ తను వేషంలో ఉన్నానన్న సంగతే మరిచిపోయింది.

ఏ గీతా పడని ఆ సిమెంటు నేలని ఆయన చాలాసేపు చూశాడు.

బార్బరా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఫోటోలు దిగారు. అందరూ కోట్లు తగిలించుకుని వ్యాను దగ్గరికి వెళ్ళిపోయారు. శ్యామ్‌సుందర్ ఒక్కడే కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ముడి పడటంలేదు.

విజయశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇది వేషం కట్టి అడుగుతున్నది కాదు. మీ ప్రాజెక్టులో మా తాలూకా కూడా ఉందిట. మా ఊరు సంగంపాడు. మా అక్క అక్కడే ఉంటుంది. ఇందాక నన్నడిగినట్టే దాన్నీ ఒక్కమాట అడిగి, అప్పుడు వేయించండి సార్. మీకు పుణ్యముంటుంది."

ఆయన చేతిలో లేసు జారిపోయింది. గుమ్మంవైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఈ ట్రైనింగ్ శాంక్షనయ్యేసరికి ఇప్పుడైంది గానీ అమ్మా, మీ తాలూకా బోరింగులన్నీ పోయిన వేసవిలోనే నేనే దగ్గరుండి వేయించేశాను."