ముందు బండి మాట

“బెరిల్, గుంత వస్తోంది. దుమ్ము నిండిపోయి నేలలాగే కనిపిస్తుంది, మోసపోకు. ఎడమకు రా.”

“వచ్చాను మహానుభావా,” అంది రేడియోలో ఆడగొంతు.

నెవిల్ అద్దంలోకి చూశాడు. తను లాక్కొస్తున్న చక్రాల ఇల్లు, కారవాన్, దాని వెనక ఎర్రటి దుమ్ము. ఇంకేమీ కనిపించలేదు. ఆ మట్టిరోడ్డు మీద గుంతైనా, వాగైనా, ఎదురొచ్చే లారీ అయినా ముందు బండివాడే వెనక బండికి చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట మొదలైన అలవాటది. కారవాన్‌తో అతను ముందు, సామాను వ్యానుతో బెరిల్ వెనక.

“మొదటిసారి ఈ వాగు దగ్గరే కదూ ఆగాం? నిప్పుల్లో రొట్టె కాల్చాను. బొగ్గయింది,” అన్నాడు నెవిల్.

“గుర్తుంది.”

“నువ్వేమన్నావో చెప్పు చూద్దాం.”

రేడియో కాసేపు గరగరలాడింది. “నువ్వే చెప్పు. నీ నోట వింటేనే బావుంటుంది.”

“‘దాన్ని టైరు కింద పెట్టు, బండి దొర్లకుండా ఉంటుంది’ అన్నావు.”

అవతల నవ్వు. నెవిల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచి రోజులవి. కారవాన్ కప్పు కారితే గిన్నెలు పెట్టుకుని, ఆ టపటపలకి పాటలు కట్టేవాళ్ళు. ఆ పాటల్లో ఒక్కటీ ఇప్పుడు పూర్తిగా గుర్తులేదు.

“ఇక కబుర్లు చాలు,” అంది గొంతు. “వాగు దాటావంటే మలుపొస్తుంది. ఇవాళ గురువారం, పశువుల లారీ వచ్చే రోజు.”

“తెలిసే బయల్దేరాను.”

స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. మలుపు అవతల దుమ్ము లేచింది. మూడు ట్రైలర్ల లారీ. మైకు నోటి దగ్గరకు తీసుకున్నాడు.

“బెరిల్, పెద్ద లారీ వస్తోంది. రోడ్డు దిగి ఆగిపో. దుమ్ము తేరేదాకా కదలకు.”

మైకు మళ్ళీ నొక్కాడు.

“బెరిల్, లారీ వస్తోంది. విన్నావా?”

“విన్నాను,” అంది గొంతు మెల్లగా. “దిగి ఆగాను. నాకేం కాలేదు, నెవిల్.”

లారీ డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి వెళ్ళిపోయాడు. నెవిల్ కూడా వేలెత్తాడు. ఆ తర్వాత చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే నడిపాడు.

మూడింటికి రోడ్డు పక్క హోటలు చేరాడు. అక్కడ అప్పుడే వచ్చి టీ తాగుతున్న ఓ ప్రయాణికుడు పలకరించాడు.

“దారిపొడుగునా మా బండి రేడియోలో కూడా మీ ఇద్దరి మాటలే వింటూ వచ్చామండీ. ముచ్చటేసింది. మీ ఆవిడ ఇంకా రాలేదేం?”

నెవిల్ టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. హోటలు నడిపే గ్లెనిస్ తన చేతిలోని రేడియో మైకును గోడకు తగిలించి, ఒక్క కప్పులో టీ పోసింది.

“లారీ వస్తోందని ఈసారి రెండుసార్లు చెప్పావు,” అంది, రేడియోలో వినిపించిన ఆ గొంతుతోనే.

ఆ మలుపులో బెరిల్ పోయిన రోజున, కబుర్లలో పడి, అతను ఒక్కసారి కూడా చెప్పలేదు.