దగ్గు ఉన్న పాట

చనిపోయిన నా భార్య వరాలమ్మ దగ్గును విభావరి అనే పాటగత్తె దొంగిలించింది.

ఇళ్లలో వస్తువులన్నీ చప్పుడు చెయ్యడం మానేశాక జనానికి పాత చప్పుళ్ల మీద మోజు పుట్టింది. ఇప్పుడు పాటలు కట్టేవాళ్లు పాత ఫోన్లు సేకరించి, వాటిలో మిగిలిన ఇళ్ల సందడిని తమ గొంతు వెనక పరుస్తారు. బీరువాలో అడ్డంగా ఉందని మా కోడలు హైమ మా పాత ఫోనొకటి విభావరికి ఇచ్చేసింది. అందులో వరాలమ్మ బియ్యం చెరుగుతూ కూనిరాగం తీస్తుంది. మధ్యలో దగ్గుతుంది.

అది వెనక పరిచి విభావరి కట్టిన పాట లిఫ్టులో వస్తుంది, మంగలి షాపులో వస్తుంది. దగ్గు రాగానే పిల్లలు కూడా వంతగా దగ్గుతారు.

"అత్తయ్యను ఊరంతా వింటోంది. సంతోషించండి మామయ్యా," అంది హైమ.

నేను గొడవ పెడితే విభావరే మిఠాయి పెట్టెతో ఇంటికొచ్చింది.

"రాగం ఉంచుకో. దగ్గు తీసెయ్యమ్మా," అన్నాను.

"అది తీస్తే పాతదనం పోతుంది తాతగారూ. జనం పడి చస్తోంది దానికే."

"ఆ దగ్గుతోనే పోయింది ఆవిడ."

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ముక్కు తుడుచుకుని, "ఈ మాట ఇలాగే ఇంకొక్కసారి చెబుతారా? పాట మొదట్లో పెట్టుకుంటాను," అంది.

మిఠాయి పెట్టె తిరిగి ఆమె చేతిలో పెట్టి తలుపు వేశాను. ఆ పాట గురించి గానీ, వరాలమ్మ గురించి గానీ ఇక నా నోట ఒక్క మాట రాదు.