వదినకో పాట

వాకిట్లో కారు దిగీ దిగకుండానే సిర్గక్ కొముజ్ అందుకుని మూడు తీగలూ మీటాడు. వెనకాల ఇద్దరు స్నేహితులు గొంతు కలిపారు.

సాయకాన్ తలుపు తీసి ముగ్గుర్నీ ఎగాదిగా చూసింది.

"ఎవర్రా మీరు? ఇల్లు తప్పి వచ్చినట్టున్నారు."

"తప్పలేదమ్మా. నీ కొడుకు తిలెక్ పంపాడు. డెబ్బై అయిదో పుట్టినరోజుకి తను రాలేక మమ్మల్ని తోలాడు."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వాడు రాలేదు గానీ, తినేవాళ్ళని ముగ్గుర్ని పంపాడన్నమాట. రండి, కాళ్ళు చల్లబడిపోతాయి."

తిలెక్ రష్యాలో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. నారిన్ కొండల్లోని ఈ ఊరి మొహం చూసి మూడేళ్ళయింది. నిన్న రాజధాని బిష్కెక్‌లో ఉన్న స్నేహితుడు సిర్గక్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"అమ్మకి నచ్చినన్ని పాటలు వాయించు. ఆఖర్న మా వదినకీ ఒకటి. మరిచిపోకురా."

ఆ వదిన పేరు సబీరా. సాయకాన్ పెద్దకోడలు. పొద్దున్నుంచీ గుమ్మం పక్కన సమోవర్ ముందు కూర్చుని టీ పోస్తూనే ఉంది. చుట్టాలొచ్చినప్పుడు కోడళ్ళకి ఆ చోటు తప్ప ఇంకో చోటు ఉండదు.

"వదినా, ఇటో గిన్నె."

"వదినా, రొట్టె అయిపోయింది."

సిర్గక్ కూడా అలాగే కేకేశాడు. పాటలకి ముసలావిడ ఏడ్చింది, నవ్వింది, రెండు అడుగులు ఆడింది కూడా.

మధ్యాహ్నం తిలెక్ ఫోన్‌లో కనిపించాడు. అన్నం తినే విరామం, అరగంటే. సాయకాన్ ఫోన్‌ని ముద్దులతో తడిపేసింది. చుట్టాలంతా మీదపడ్డారు.

"వదిన ఎక్కడరా?" అన్నాడు తిలెక్ చివర్లో.

"టీ కాస్తోందిలే. ఇవాళ అమ్మ రోజు, అమ్మతో మాట్లాడు," అన్నాడు సిర్గక్.

ఇంతలో అక్కడ పని గంట మోగింది. తిలెక్ మాయమయ్యాడు.

సబీరా తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఉన్నాడా?"

"పెట్టేశాడు వదినా."

ఆవిడ సిర్గక్ దగ్గరికి జరిగింది. అత్తగారు వినకుండా గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, నాకూ ఒక పాట వాయించమన్నాడట కదా. రేపు ఆసుపత్రికి వెళుతున్నాను, ఆపరేషన్. వాడు పంపిన పాట వినేసి వెళ్ళాలని ఉంది."

సిర్గక్ ఆకాశం వంక చూశాడు. మంచు పడేలా ఉంది. చీకటి పడకముందే కనుమ దాటాలి. పైగా కడుపు నిండిన మనిషికి ఒళ్ళు బరువు.

"మీరు తిరిగొచ్చాక తీరిగ్గా వాయిస్తా వదినా. ఒకటి కాదు, పది."

"అలాగే," అందావిడ. దారిలో తింటారని వేయించిన పిండిముక్కలు మూట కట్టి ఇచ్చింది.

పదిరోజులకి కబురొచ్చింది. తిలెక్ వాళ్ళమ్మ పోయిందట.

సిర్గక్ వెంటనే ఆ ఊరికి కారెక్కాడు. ఎంత నవ్వించింది మహాతల్లి. పోయే ముందు పాటలన్నా విన్నదిలే అని మనసుని సర్దుకున్నాడు.

వాకిట్లో శవం కోసం వేసిన గుడారం. దాని బయట తిలెక్ నడుముకి గుడ్డ బిగించి, కర్ర మీద వంగి, ఆచారం ప్రకారం గొంతెత్తి ఏడుస్తున్నాడు.

"అమ్మా... నా తల్లీ..."

ఆచారానికి ఏడ్చేవాళ్ళు ఊపిరి తీసుకుంటారు. వీడు తీసుకోవడం లేదు. సిర్గక్ వాణ్ణి కౌగలించుకుని తనూ ఏడ్చాడు. తర్వాత ఆడవాళ్ళని పలకరించడానికి లోపలికి వంగాడు.

శవానికి అడ్డంగా కట్టిన తెర ముందు నల్లగుడ్డ కట్టుకుని సాయకాన్ కూర్చుని ఉంది.

"అమ్మా... మీరు..."

"నేనే నాయనా. నన్ను తీసుకుపోవాల్సిన చావు దారి తప్పింది."

"మరి తిలెక్ బయట అమ్మా అని..."

సాయకాన్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"తొలిచూలు బిడ్డ తాతానాయనమ్మలదే కదా మనలో. పుట్టిన నలభయ్యో రోజున నేనే ఎత్తుకున్నాను. అమ్మా అని నన్నే పిలిపించుకున్నాను. కన్నతల్లికి నా ముందు వాణ్ణి కొడుకా అనే హక్కు కూడా ఇవ్వలేదు."

ఆవిడ తెర మీద చెయ్యి వేసింది.

"ముప్పై ఏళ్ళు వదినా అనే పిలిచాడు నాయనా, వాణ్ణి కన్నది మా సబీరాయే."