చుక్క వచ్చిందా నాన్నా?

ఎడమ కంటి చూపు పోయిందన్న సంగతి బడి వ్యాను డ్రైవరుకు స్నానాల గదిలో తెలిసింది.

కుడికంట్లో సబ్బు నురగ పడింది. మంటకు ఆ కన్ను గట్టిగా మూశాడు. ఒక్కసారిగా అంతా చీకటైపోయింది.

"ఏమే, కరెంటు పోయిందా?" అని లోపల్నించే కేకేశాడు.

"మీ నెత్తిమీద బల్బు వెలుగుతూనే ఉంది. అయినా తెల్లారాక కరెంటు గొడవెందుకండీ, అంత కిటికీ ఉండగా?" అంది భార్య వంటింట్లోంచి.

అతను ఎడమ కన్ను తడిమి చూసుకున్నాడు. రెప్ప తెరిచే ఉంది. నొప్పి లేదు, దురద లేదు. కన్ను ఉంది, చూపు లేదు. కుడికన్ను కడుక్కుని తెరిస్తే బకెట్టు, చెంబు, గోడమీది పగులు అన్నీ ఎప్పటిలాగే కనిపించాయి. ఎప్పుడు పోయిందో ఏమో! నిన్న సాయంత్రం కూడా బండి నిండా పిల్లల్ని ఇళ్ళకు చేర్చాడు. వాళ్ళలో తూనీగ అని ఒక పిల్ల ఉంది. బండి ఆగీ ఆగకముందే ఎడమవైపు నుంచి రివ్వున దూసుకొస్తుంది. అది తలపుకు రాగానే ఒళ్ళు చల్లబడింది.

బయటపడితే బండి తాళాలు లాక్కుంటారు. స్టీరింగు తప్ప అతని చేతికి వేరే పని రాదు. ఈ ఒక్కరోజుకీ తల కాస్త ఎక్కువ తిప్పుకుంటూ నడుపుదాం, మిగతాది రేపు చూసుకుందాం అనుకుని బట్టలు వేసుకున్నాడు.

ముందుగదిలో కూతురు బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె సైన్సు టీచరు. ఎదురుగా తెల్ల కాగితం, దానిమీద ఎడమపక్క స్కెచ్‌పెన్నుతో గీసిన కూడిక గుర్తు. కుడిపక్క, నల్ల టేపును గుండ్రంగా కత్తిరించి చుక్కలా అతికించింది.

"నాన్నా, ఇలా వచ్చి కూర్చో. ఇవాళ క్లాసులో ఇదే పాఠం. ముందు నీమీద చూస్తాను."

"నేను తప్ప ఎలకలు దొరకలేదా తల్లీ? టైమైపోతోంది."

"ఒక్క నిమిషం."

కాదంటే అనుమానం వస్తుంది. కూర్చున్నాడు.

"ఎడమ కన్ను చేత్తో మూసుకో. కుడికంటితో ఈ కూడిక గుర్తునే చూడు. కనుగుడ్డు పక్కకు తిప్పావంటే నాకు తెలిసిపోతుంది."

అతనికి ప్రాణం లేచొచ్చింది. మూయమన్నది ఎలాగూ పనిచెయ్యని కన్నే. కూతురు కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెస్తోంది. గుర్తు మీదే చూపు నిలిపాడు. పక్కన చుక్క మసకగా తెలుస్తోంది, తెలుస్తోంది... ఉన్నట్టుండి లేదు. ఆ చోట తెల్లటి కాగితమే ఉంది.

ఇదీ పోతోందా?

"చుక్క... చుక్కేదే?" అన్నాడు.

"కంగారుపడకు. అందరికీ అంతే. కంటి వెనక తెర ఉంటుంది కదా, అక్కడ పడ్డ బొమ్మను మెదడుకు మోసుకెళ్ళే నరాల పోగులన్నీ ఒక్కచోట కట్టగా చేరి బయటికి పోతాయి. ఆ గుమ్మంలో చూసే కణాలు ఉండవు. అక్కడ ఏది పడ్డా కనపడదు."

"మరి ఇన్నేళ్ళూ కంటికి కన్నం ఉన్నట్టే తెలీలేదేం?"

"మెదడు అతుకు వేసేస్తుంది. చుట్టూ తెలుపుంటే తెల్ల అతుకు. పైగా ఒక కంటికి కనపడని చోటు రెండో కంటికి కనపడుతుంది. అందుకే రెండు కళ్ళూ తెరిస్తే చుక్క తిరిగొచ్చేస్తుంది."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఓసి, ఇంతేనా! కాపలాకి ఇద్దరున్నారన్నమాట. ఒకడు కునికితే రెండోవాడు చూసుకుంటాడు. మీ అమ్మా నేనూ లాగ."

"ఆ కునికేదెవరో కూడా చెప్పండి!" అంది భార్య లోపల్నించి.

కూతురు నవ్వలేదు. ఇక కుడికన్ను మూయమంటుందేమోనని అతను లేవబోయాడు. కానీ ఆమె ఆ మాట అనలేదు.

"ఇప్పుడు రెండు కళ్ళూ గట్టిగా మూసుకో... ఆఁ. ఇక రెండూ తెరువు. గుర్తునే చూడు, గుడ్డు కదపకు."

తెరిచాడు. గుర్తునే చూశాడు. దాని కుడిపక్కనంతా తెలుపే.

"చుక్క వచ్చిందా నాన్నా?"

పాఠం ఇప్పుడే విన్నాడు కాబట్టి జవాబుకు తడుముకోలేదు.

"ఎందుకు రాదూ? వచ్చింది."

"బాగా కనపడుతోందా?"

"గుండ్రంగా, నల్లగా, అంటించిన చోటే ఉంది. చాలా, ఇక వెళ్ళనా?"

"ఏవండీ, పిల్లలు ఎదురుచూస్తుంటారు, బండి తియ్యరేం?" అని భార్య వంటింట్లోంచి కేకేసింది.

కూతురు కాగితాన్ని బల్లమీద పెట్టింది. దానిమీద కూడిక గుర్తు ఒక్కటే ఉంది. చుక్క ఆమె బొటనవేలికి అంటుకుని ఉంది.